ఒకే మండలం, ఒకే పోతు

మా ఆఫీసులో పనులు జరగవని అనేవాళ్ళంతా మా ఆఫీసు మెట్లు ఎక్కనివాళ్ళు. ఎక్కినవాళ్ళు అలా అనరు. దిగేటప్పటికి వాళ్ళకి అనే ఓపిక మిగలదు. కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాల్సిన భారం నామీద పడింది.

నేను మేకజాతి సముద్ధరణ సంస్థ, ధర్మరాయదుర్గం మండల శాఖలో సూపరింటెండెంటుని. సంస్థ రాకముందు మా మండలంలో మేకలు ఎలా పుట్టేవంటే, వాటంతటవే పుట్టేవి. ఊరూరా రెండో మూడో పోతులు మందల్లో తిరిగేవి. మేక ఎదకొస్తే పోతు దాటేది. అయిదు నెలలకి పిల్లలు. ఏది దాటిందో, ఎప్పుడు దాటిందో రాసుకున్న నాథుడు లేడు. ఇంత అరాచకాన్ని ఇన్ని తరాలు ఎలా భరించాయో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఇక్కడ పట్నం పాఠకులకి ఒక మాట చెప్పాలి. పోతు మేకని కలవడాన్ని మా సీమలో దాటడం అంటారు. పశువులున్న ఇళ్ళలో అత్తగారి ముందు కోడలు, పంతులుగారి ముందు పిల్లలు, ఉప్పూ పప్పూ అన్నంత మామూలుగా ఆ మాట అనేస్తారు. ‘మా మేకని దాటించుకొచ్చాం’ అంటే ‘పిండి పట్టించుకొచ్చాం’ అన్నట్టే. ఈ కథకి ఆ ఒక్క మాట తెలిస్తే చాలు.

సంస్థ వచ్చింది. దాని వెంట ‘ఒకే మండలం, ఒకే పోతు’ అనే పథకం వచ్చింది. నాటు పోతులన్నిటికీ విత్తులు నొక్కించేయాలి. అవి ఇక దాటలేవు. మండలానికి ఒక్కటంటే ఒక్క మేలుజాతి పోతు వస్తుంది. మేకలున్నవాళ్ళు దాన్ని అరువు తీసుకుని, పని కాగానే తిరిగి అప్పగించాలి. ఇందులో మొదటి సగాన్ని మేము మూడు రోజుల్లో పూర్తిచేశాం. షామియానా వేశాం, మైకు పెట్టాం, వచ్చినవాళ్ళకి మజ్జిగ ఇచ్చాం. పోతుల్ని గడ్డివాముల వెనక దాచినవాళ్ళ ఇళ్ళకి జీపు పంపి మరీ తెప్పించాం. లక్ష్యాన్ని నూటికి నూరు శాతం సాధించిన మండలం జిల్లాలో మాదొక్కటే. మా అధికారి సత్యకీర్తి గారికి జిల్లా కేంద్రంలో శాలువా కప్పారు.

మేలుజాతి పోతు కూడా ఆ క్యాంపు చివరి రోజు మధ్యాహ్నమే లారీలో దిగింది. పాలతెలుపు రంగు, మోకాళ్ళ దాకా వేలాడే చెవులు, భజనలో ముందు కూర్చునే పెద్దాయన గడ్డం. సత్యకీర్తి గారు దానికి ‘వంశవర్ధన్’ అని నామకరణం చేశారు. వెంటనే ఒక చిక్కు వచ్చింది. దాన్ని సిబ్బంది కింద రాయాలా, సామగ్రి కింద రాయాలా? రెండు వారాలు ఆలోచించి ఆయనే తేల్చారు. మేత తింటుంది కనుక సిబ్బంది, సంతకం పెట్టదు కనుక సామగ్రి. అందుకని దానికి సర్వీసు రిజిస్టరూ తెరిచాం, కొమ్ము మీద స్టాకు నంబరూ వేయించాం. ఆదివారాలూ రెండో శనివారాలూ దానికి సెలవు. ఆఫీసు వెనక రేకుల షెడ్డులో అటెండరు హుసేన్ పీరా దాని మేతా నీళ్ళూ చూసేవాడు.

కాకులగుట్ట కుళ్ళాయమ్మ మా మొదటి అర్జీదారు. ఆమెకి యాభై ఏళ్ళుంటాయి. తొమ్మిది మేకలు తప్ప వేరే ఆధారం లేదు. పిల్లలు పుడితే పెంచి అమ్ముకుంటుంది, పాలుంటే టీ హోటలుకి పోస్తుంది. ఆమె పోతుకి కూడా మేమే విత్తులు నొక్కాం. అదిప్పుడు బాగా ఒళ్ళు చేసి, ప్రపంచం మీద విరక్తితో నెమరు వేస్తోందని విన్నాను.

ఒక శుక్రవారం పొద్దున ఆమె నేరుగా నా టేబులు ముందుకొచ్చి నిలబడింది.

"సామీ, మా సుక్క ఎదకొచ్చిండాది. పోతు కావల్ల. దాటించుకోని మాపటికి తెచ్చి కట్టేస్తా."

"అర్జీ ఏదమ్మా?"

"అర్జీ ఏంది సామీ? తెల్లారుజాము నుంచి అది అరస్తాంటే ఊరూరంతా ఇనపడ్తాంది. మళ్ళా రాసియ్యల్లనా?"

"అరుపుని ఫైల్లో పెట్టలేం కదమ్మా" అన్నాను, ఓపిగ్గానే.

అర్జీ ఒక్కటే సరిపోదు. ఎద ధ్రువీకరణ పత్రం కావాలి. మేక ఎదలో ఉందని పశువుల డాక్టరు రాసివ్వాలి. ఆ శుక్రవారం డాక్టరుగారు ‘సత్వర సేవలు’ అనే విషయం మీద శిక్షణకి వెళ్ళారు. మర్నాడు రెండో శనివారం. ఆ తర్వాత ఆదివారం. సోమవారం కుళ్ళాయమ్మ సుక్కని వెంటబెట్టుకుని ఎండలో నడిచి వచ్చింది. నల్లటి మేక, నుదుటి మీద తెల్లటి చుక్క. డాక్టరుగారు శ్రద్ధగా పరీక్షించి, ‘ఎద లక్షణములు కనబడలేదు’ అని రాశారు. అందులో అబద్ధమేమీ లేదు. మేక ఎద ఒకటి రెండు రోజులుంటుంది, సోమవారం దాకా ఆగదు. ఎద లేని మేకకు పోతు అవసరం లేదని తేలినందున అర్జీని ముగించాం.

"ఎదలో ఉన్నప్పుడు రాకుండా ఇప్పుడొస్తే ఎలాగమ్మా?" అని మందలించాను కూడా.

కుళ్ళాయమ్మ నా వంక చాలాసేపు చూసింది. "మూడు వారాలకు మళ్ళా వస్తాది సామీ. ఈసారి దానికంటే ముందు నేనే వస్తా" అంది.

అన్నట్టే ముందుగా వచ్చింది. ఆఫీసు బయట అర్జీలు రాసే నంజుండప్ప చేత రాయించుకుని మరీ వచ్చింది. నంజుండప్ప దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. ‘నా మేకను దాటించుకొనుటకు గాను పోతును ఒక దినము అరువిప్పించ ప్రార్థన’ అని రాశాడు. చిక్కంతా అక్కడే మొదలైంది.

సత్యకీర్తి గారు సముద్రం పక్క జిల్లా నుంచి వచ్చినవారు. శుచీ శుభ్రమూ ఉన్న మనిషి. మేకని సర్క్యులర్లలో తప్ప దగ్గరగా చూడలేదు. సర్క్యులర్లలో ఈ కార్యక్రమాన్ని ‘వంశాభివృద్ధి సేవ’ అంటారు. దాటడమనే మాట ఆయన మా సీమలో ఇదే మొదటిసారి చదవడం. నన్ను గదిలోకి పిలిచారు.

"ఏమండీ, ఈ అర్జీదారు మేకను దాటించాలంటోంది. ఏ హద్దు?"

"అది హద్దు కాదు సార్. ఇక్కడి వాడుకలో దాటడమంటే…"

ఆయన కళ్ళజోడు తీసి చూశారు. పక్కనే కంప్యూటరు ముందు జూనియర్ అసిస్టెంటు మణిమాల కూర్చుని ఉంది. ఆడపిల్ల ఉన్న గదిలో, అంత శుభ్రమైన అధికారి ముందు, ఆ మాటకి అర్థం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"దాటడమంటే?" అన్నారు ఆయన.

"అంటే సార్… పోతూ మేకా… ఒకచోట చేరి…"

"ఒకచోట అంటే? సర్వే నంబరు ఉంటుంది కదా?"

మణిమాల ఇంట్లో పాతిక మేకలున్నాయి. ఆమె తలవంచుకుని గబగబా ఏదో టైపు చేస్తోంది. కంప్యూటరు ఆపేసి ఉండటం నేను గమనించాను. ఆమె భుజాలు కదులుతున్నాయి.

"సర్వే నంబరు కనుక్కుంటాను సార్" అని బయటికొచ్చేశాను.

నన్ను తప్పుపట్టేవాళ్ళుంటారని తెలుసు. వాళ్ళకి ఆఫీసు నడవడి తెలియదు. ఫైలు మీద పై అధికారి రాసిన అర్థమే అర్థం. నిఘంటువులు ఆ తర్వాత వస్తాయి. సాయంత్రానికి మెమో జారీ అయింది. ‘సదరు మేకపోతు ఏ సరిహద్దును, ఏ దిక్కు నుండి ఏ దిక్కునకు, ఎందు నిమిత్తము దాటవలెనో వివరించవలసినదిగా అర్జీదారుకు తెలియజేయడమైనది.’ ఆ వెంటనే పటం తెప్పించి చూస్తే కాకులగుట్ట కూడా మా మండలంలోనే ఉంది. మధ్యలో హద్దు లేదు. కనుక రెండో మెమో. ‘దాటుటకు హద్దు లేనందున అర్జీ తిరస్కరించడమైనది.’

ఈ రెండూ ఒకేసారి చదివి వినిపిస్తే కుళ్ళాయమ్మ మొదట నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ఆపేసింది.

"దాటకుంటే సూలెట్ల కడ్తాది సామీ? గాలికి కడ్తాదా?"

"హద్దు లేకుండా దాటడం కుదరదంటున్నారమ్మా మా సార్."

"మీ పెద్దసారుకు పెండ్లైందా?"

"అయింది. ఇద్దరు పిల్లలు."

"మరి వాళ్ళు ఏ హద్దు దాటితే పుట్టినారంట?"

మణిమాల మంచినీళ్ళకని లేచి బయటికి వెళ్ళిపోయింది. కుళ్ళాయమ్మ కిందనే చతికిలబడింది. అప్పటికే ఒక్క మేకా చూలు కట్టక పాలు ఎండిపోయాయట. కటికవాళ్ళ బేరగాడు రోజూ ఇంటిముందుకొచ్చి నిలబడుతున్నాడట.

"సూలు లేని మ్యాకను ఎన్నాళ్ళు మేపల్ల సామీ? నేనేం తినల్ల, వాటికేం పెట్టల్ల? మొన్న రెండిటిని తోలిచ్చేస్తి. తక్కినయీ పోతాయి. సుక్కను మాత్రం ఇయ్యను. వాళ్ళమ్మ సచ్చిపోతే సీసాపాలు పట్టి సాకినా దాన్ని. నా మంచం కిందనే పడుకునేది."

నాకు బాధ వేసింది. నిజంగానే వేసింది. బాధ వేస్తే ఏ ఫారం నింపాలో మాకు చెప్పలేదు కానీ, ఆమెకి ఉపకారం చేయాలనిపించింది. పటం మళ్ళీ తెరిచాను. కాకులగుట్టకి అవతల అరమైలు దూరంలో రాష్ట్రం సరిహద్దు రాయి ఉంది. హద్దు కావాలంటున్నారు కదా, ఇదిగో హద్దు. వంశవర్ధన్‌ని ఆ రాయి దగ్గరికి తీసుకెళ్ళి, అవతలికి దాటించి, ఇవతలికి తెచ్చేస్తే దాటినట్టే. కుళ్ళాయమ్మ మేకల్ని తోలుకుని అక్కడికే వచ్చేస్తే ఆమె దాటించుకోవడం కూడా అయిపోతుంది. రెండు అర్థాలూ ఒకే రాయి దగ్గర నెరవేరతాయి.

"యాడో ఒకసోట సామీ. దాటితే సాలు" అని దండం పెట్టి వెళ్ళిపోయింది.

సత్యకీర్తి గారికి ఈ ఉపాయం ఎంతగానో నచ్చింది. "అంతర్రాష్ట్ర దాటు! మన సంస్థ చరిత్రలో ఇది ప్రథమం" అన్నారు. అంతర్రాష్ట్రం కాబట్టి ఫైలు పైకి వెళ్ళింది. పైనుంచి ప్రశ్నలు దిగాయి. దాటిన పోతు తిరిగి రాని పక్షంలో బాధ్యులెవరు? హుసేన్ పీరా చేత పూచీకత్తు రాయించాం. అవతల ఉన్నంతసేపు అది అక్కడి గడ్డి తిన్నచో ఆ గడ్డి ఏ ఖాతాలోకి వస్తుంది? మూతికి చిక్కం కట్టి తీసుకెళ్తామన్నాం. అవతలివాళ్ళకి దాని హోదా తెలియడమెలా? మెడలో తెలుగులోనూ కన్నడంలోనూ బోర్డు వేలాడదీస్తామన్నాం. బోర్డు రాసే పెయింటరు ‘వంశవర్ధన్’ని కన్నడంలో ఎలా రాయాలో తెలియక వారం తీసుకున్నాడు. అవతలి రాష్ట్రం నుంచి నిరభ్యంతర పత్రం రావడానికి మరికొంత కాలం పట్టింది. వాళ్ళు అడిగిందొకటే, ‘ఇది నిజమా?’ అని. నిజమేనని ధ్రువీకరించాం.

ఈ లోపల మూడు వారాలకోసారి సుక్క ఎదకి వస్తూనే ఉంది, కుళ్ళాయమ్మ మా ఆఫీసుకి వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా ఇంటిదగ్గర ఒక మేక తగ్గేది. మూడు మిగిలేసరికి ఆమె అరవడం మానేసింది. మెట్ల మీద ఊరికే కూర్చుని వెళ్ళిపోయేది. ఆమె అరిచినప్పుడే నాకు బాగుండేది.

చివరికి అనుమతి వచ్చింది. ఒక గురువారం, ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం అయిదు లోపల దాటాలి. సత్యకీర్తి గారు అడుగున ఒక షరతు చేర్చారు. ‘సదరు తేదీన మేక ఎదలో ఉండునట్లు లబ్ధిదారు బాధ్యత వహించవలెను.’ దేవుడున్నాడనడానికి నిదర్శనం ఏమిటంటే, ఆ గురువారం సుక్క ఎదలో ఉంది.

జీపులో నేను, డ్రైవరు, హుసేన్ పీరా, మెడలో బోర్డుతో వంశవర్ధన్. సత్యకీర్తి గారు రాలేదు. రాష్ట్రం దాటాలంటే ఆయనకి వేరే అనుమతి కావాలి, పోతుకి వచ్చినంత తొందరగా ఆయనకి రాదు. బయల్దేరేముందు నా ఫోనులో సంస్థ యాప్ ఎక్కించారు. మూడు ఫోటోలు తీయాలి. దాటకముందు, దాటుతున్నప్పుడు, దాటిన తరువాత. మూడింటిలోనూ రాయి కనబడాలి.

రాయి దగ్గర కుళ్ళాయమ్మ మూడు మేకలతో పొద్దుటినుంచే నిలబడి ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. సుక్క కొమ్ములకి పసుపు రాసింది. అవతల పక్క, గొంగడి కప్పుకున్న కన్నడం మనిషి ఒకాయన మందని ఆపి జీపు వైపే చూస్తున్నాడు.

"ఏన్ సార్ ఇదు?" అని కేకేసి అడిగాడు.

"దాటిస్తాండాం!" అన్నాడు హుసేన్ పీరా.

ఆయన బోర్డు చూశాడు, పోతుని చూశాడు, సుక్కని చూశాడు, అర్థమైనట్టు తలూపాడు. ఈ ఫైలు మొదలైన నాటినుంచి ఆ మాట సరిగ్గా అర్థమైన ప్రభుత్వేతర వ్యక్తుల్లో ఆయన మూడోవాడు.

మొదటి ఫోటో చక్కగా వచ్చింది. రెండోదానికి వంశవర్ధన్‌ని రాయి దగ్గరికి తెచ్చి చిక్కం విప్పాం. సుక్క తోక ఆడిస్తూ దాని చుట్టూ తిరిగింది. మూతి దగ్గర మూతి పెట్టింది. వంశవర్ధన్ తల వంచి రాయి మొదట్లో గరిక పీక్కోవడం మొదలుపెట్టింది. సుక్క అటు తిరిగితే అది ఇటు తిరిగింది. మా సత్యకీర్తి గారు మణిమాల ఉన్నప్పుడు ఎలా బిగుసుకుని కూర్చుంటారో అలా నిలబడింది.

"ఏందిది? గోడ మాదిరి నిలబడుకోనుండాది?" అంది కుళ్ళాయమ్మ.

హుసేన్ పీరా తల గోక్కున్నాడు. "అది యాడ సూస్తాదిలే అవ్వా."

"ఎందుకు చూడదు?" అన్నాను.

"అదేంది సార్, మీకు తెల్దా? క్యాంపు ఆఖరి దినం లెక్కకు ఒకటి తక్కువొచ్చె గదా. పెద్దసారు నూటికి నూరు కావల్లని గడియారం సూస్తాండె. ఇది అప్పుడే లారీ దిగె. పట్టుకోమన్నారు, పట్టుకున్న. నొక్కినారు."

నేను మనసులోనే ఉత్తర్వు గుర్తు చేసుకున్నాను. ‘మండలములో గల పోతులన్నిటికీ’ అని ఉంది. ఆ మధ్యాహ్నం వంశవర్ధన్ మండలంలోనే గలదు. ఎంత వెతికినా నాకు ఉల్లంఘన కనబడలేదు.

కుళ్ళాయమ్మ సరిహద్దు రాయి మీద కూలబడిపోయింది. "ఎద్దును పాలియ్యమని ఇన్నాళ్ళు మీ కాళ్ళు పట్టుకుంటినా?" అంది. గొంతు పెద్దది చేయలేదు. "ఆరు మ్యాకలు. సూలు కట్టే మ్యాకలు. పేర్లుండాయి వాటికి. తోలిచ్చేస్తి గదరా సామీ!" కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను ఫోను వైపు చూస్తూ నిలబడ్డాను. చూడటానికి అందులో ఏమీ లేదు.

అప్పుడు సుక్క గొంతెత్తి అరిచింది. మొదటిరోజు ఊరూరంతా వినబడిందని కుళ్ళాయమ్మ చెప్పిన అరుపు అదే అయ్యుండాలి. అవతలి మందలోంచి ఒక ఎర్ర పోతు తలెత్తింది. నాటుది. ఒక చెవి చినిగిపోయి ఉంది, ఒంటినిండా పల్లేరుకాయలు. దానికి బోర్డు లేదు, నంబరు లేదు, నిరభ్యంతర పత్రం లేదు. పరుగెత్తుకొచ్చి, రాయి మీద కూర్చున్న మనిషిని రాసుకుంటూ ఇవతలికి దూకి, సుక్క వెనక్కి వెళ్ళి, మా అందరి ఎదుటా దాటింది.

నా వేలు ఫోను మీదే ఉంది. నొక్కుకుపోయింది.

కన్నడం ఆయన గట్టిగా నవ్వాడు. కుళ్ళాయమ్మ ముక్కు చీదుకుని, లేచి నిలబడి, ఆయనకి దండం పెట్టింది. మంద ఆ వారమంతా అక్కడే ఉంటుందని చేతులతో చెప్పాడు. తక్కిన రెండింటినీ ఆమె ఆ వారంలోనే అక్కడికి తోలుకుపోయిందని తర్వాత తెలిసింది. మేము వంశవర్ధన్‌ని వెనకనుంచి తోసి అవతలికి పంపి, అక్కడ గడ్డి తింటుండగా మూడో ఫోటో తీసుకుని, అయిదు లోపల ఆఫీసు చేరాం.

సత్యకీర్తి గారు ఫోటోలు ఒక్కొక్కటే చూశారు. రెండోది రాగానే అరచేత్తో తెర కప్పేశారు.

"రాయి కనబడుతోందా?"

"స్పష్టంగా సార్."

"దాటినట్టేనా?"

"దాటింది సార్. నా కళ్ళతో చూశాను."

"చాలు. పంపించండి."

ఫోటోలు పైకి వెళ్ళాయి. మొట్టమొదటి అంతర్రాష్ట్ర దాటుకి సంస్థ ప్రశంసాపత్రం ఇచ్చింది. అయిదు నెలలకి సుక్క రెండు పిల్లల్ని వేసింది. పెద్ద పండగలా సత్యకీర్తి గారు స్వయంగా చూడటానికి వెళ్ళారు. రెండూ ఎర్రటివి.

"వంశవర్ధన్ తెలుపు కదా?" అన్నారు.

"రాష్ట్రం దాటాక జరిగింది కదా సార్. నీళ్ళు మారాయి" అన్నాను.

ఆయన తల పంకించి, ‘జలవాయు ప్రభావము వలన వర్ణభేదము’ అని రాసుకున్నారు. ఆ సంవత్సరమే పదోన్నతి మీద జిల్లా కేంద్రానికి వెళ్ళిపోయారు.

వెళ్ళబోయేముందు పథకం రెండో దశ ప్రకటించారు. కొత్తగా పుట్టిన పోతుపిల్లలకి కూడా విత్తులు నొక్కాలి. దానికి ముందు గణన. గణన చేయడానికి కాకులగుట్టకి నేనే వెళ్ళాను. కుళ్ళాయమ్మ ఒక పిల్లని ఒళ్ళో పెట్టుకుని, కొంగు కప్పి, అరుగు మీద కూర్చుని ఉంది. కొత్త నిబంధన ప్రకారం లబ్ధిదారు నోటితో చెప్పిందే రాయాలి. స్వయం ధ్రువీకరణ అంటారు.

"ఆడవెన్ని, పోతులెన్ని?"

"రెండూ ఆడవే సామీ. అది గంగి. ఇది లచ్చిమి."

లచ్చిమి ఒళ్ళోంచి దూకి నా మోకాలిని పొడిచింది. కొంగు జారింది. చూడవలసింది చూశాను. కుళ్ళాయమ్మ రెప్పవేయకుండా నా ముఖంలోకే చూస్తోంది. అప్పటికి ఆ ఊళ్ళో మేకల మందలు ఎన్ని తగ్గిపోయాయో నాకు తెలుసు. ‘ఆడ, రెండు’ అని రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకున్నాను. నిబంధన నిబంధనే.

ఏడాది తిరిగేసరికి మా రికార్డుల్లో రెండు విశేషాలు కనబడ్డాయి. కాకులగుట్ట లచ్చిమి ఈడొచ్చినా చూలు కట్టలేదు, కనుక దాన్ని గొడ్డుమేకగా నమోదు చేశాం. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో మాత్రం మేకలు ఎర్రెర్రటి పిల్లల్ని వేస్తున్నాయి. ఆ ఘనత వంశవర్ధన్ సర్వీసు రిజిస్టరులో చేరింది. ‘పనితీరు సంతృప్తికరం’ అని రాసి కొత్త అధికారి సంతకం పెట్టారు. వంశవర్ధన్ మాత్రం షెడ్డులో ఒళ్ళు చేసి, గడ్డం తడుపుకుని నీళ్ళు తాగుతోంది.

కథ ఇంతటితో ముగించవచ్చు. కానీ మొన్నొకరోజు మా ఆవిడ పొద్దున్నే కాఫీ ఇస్తూ, "మా అమ్మ మేక ఎదకొచ్చిందట. మీ ఆఫీసులో పోతు ఉంది కదా, పంపించరాదూ?" అంది. ఆ పోతు సంగతి ఆమెకి ఎలా చెప్పను? చొక్కా వేసుకుని కాకులగుట్ట బస్సెక్కాను.

కుళ్ళాయమ్మ వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఇప్పుడామెకి మళ్ళీ మేకలు పెరిగాయి. సుక్క నీడన పడుకుని ఉంది. గుంజకి కట్టేసి లచ్చిమి ఉంది. బారెడు గడ్డం, వెనక్కి తిరిగిన కొమ్ములు. ఆ వాసన వీధి మొదట్లోనే తగిలింది.

"ఏం సామీ, ఎండనబడి వచ్చినారు? మళ్ళా లెక్కనా?"

"కాదమ్మా. లచ్చిమిని ఒకపూట అరువిస్తావేమోనని."

"లచ్చిమితో ఏం పని? అది ఆడది గదా. మీరే రాసుకోనిపోతిరి."

ఆడవాళ్ళు నవ్వు ఆపుకుంటున్నారు. "మా అత్తగారి మేకకి… వంశాభివృద్ధి…" అన్నాను.

"అయ్యో, అదేం రోగం సామీ?"

"అదే… దాటించాలి."

"దాటించల్లనా?" కుళ్ళాయమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నా వంక చూసింది. "ఏ హద్దు సామీ? యా దిక్కు నుంచి యా దిక్కుకు?"

మెమో నేను ఒక్కసారే చదివి వినిపించాను. ఆమె ఒక్క మాటా మర్చిపోలేదు. వాకిట్లో ఎవరూ ఇప్పుడు నవ్వడం లేదు. ఆమె కూడా నవ్వడం లేదు. కటికవాళ్ళు తోలుకుపోయిన ఆరు మేకలూ ఆ వాకిట్లోనే ఎక్కడో నిలబడి నా జవాబు కోసం చూస్తున్నట్టనిపించింది. నా చేతిలో సంచీ ఉంది, సంచీలో అలవాటు కొద్దీ రాసుకొచ్చిన అర్జీ ఉంది. దాన్ని బయటికి తీయలేదు.

"హద్దు కాదు కుళ్ళాయమ్మా" అన్నాను. "మేక ఎదకొచ్చింది. పోతు కావాలి. దాటించుకుని మాపటికి తెచ్చి కట్టేస్తా."

ఆమె లేచి వెళ్ళి గుంజకున్న ముడి విప్పింది.

"ఆ పొద్దు నేను అడిగింది గూడా ఇంతే గదా సామీ" అని తాడు నా చేతికిచ్చింది.